ఓదెలు ఏడున్నడని అడిగిన గొంతు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎవరికీ వినపడని గొంతు తమకు వినపడుతోందని చెప్పేవాళ్లతో మాట్లాడటమే నా ఉద్యోగం. అది ఎంత తరచుగా వస్తుంది, ఎంత బాధ పెడుతుంది, చికిత్స మొదలయ్యాక తగ్గిందా లేదా అని అడిగి, జవాబులను అంకెల్లోకి మారుస్తాను. ఆ గొంతులు నిజమని నమ్మితే నేను ఈ పని చేయలేను.

మాది హనుమకొండ. సైకాలజీ చదివి సూరత్‌లో ఒక పరిశోధనలో చేరాను. మందులతో పాటు వారం వారం కూర్చోబెట్టి మాట్లాడితే ఇలాంటివాళ్లకు ఇంకాస్త మేలు జరుగుతుందా అన్నది తేల్చే పరిశోధన అది. ఇక్కడి మరమగ్గాల మీద మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తెలుగు మనిషి కావలసి వచ్చింది. ఎవరికి ఏ చికిత్స అందుతోందో నాకు చెప్పరు. తెలిస్తే నా అంచనా ఒకవైపు ఒరిగిపోతుందని.

అక్కడ పరిచయమైనవాడే ఓదెలు. అసలు పేరు చెప్పకూడదు. అయితే అసలు పేరు కూడా ఇలాంటిదే, మా వైపు తప్ప బయట వినపడనిది. సూరత్ శివార్లలోని సచిన్ అనే చోట మగ్గం నడుపుతాడు, నలభై దాటిన మనిషి. చనిపోయిన తల్లి గొంతు అతనికి వినపడేది. ఆమెను అవ్వ అనేవాడు. చిన్నప్పుడు పని నేర్పింది ఆమేనట. ఒకటే మాట, "పోగు తెగింది కొడుకా, సూసుకో."

అతను మగ్గం ఆపి చూసేవాడు. ఒక్క పోగూ తెగి ఉండేది కాదు. మళ్లీ నడిపేవాడు, మళ్లీ ఆపేవాడు. శేఠ్ పనిలోంచి తీసేశాడు. ఇంకో కార్ఖానాలోనూ అదే జరిగింది. అన్నం ముందు కూర్చుని కూడా లేచి పోగుల కోసం వెతుకుతున్నాడని భార్య రాజవ్వ ఏడుస్తూ తీసుకొచ్చింది.

చికిత్స పనిచేసింది. నెలలు గడిచేకొద్దీ గొంతు పలచబడి, వానాకాలం అయిపోయేసరికి పూర్తిగా ఆగిపోయింది. ఓదెలు మళ్లీ పనిలో చేరాడు. రాజవ్వ మొహం తేటపడింది. అతను మాత్రం ఏదో దిగులుగా కనిపించేవాడు. ఎందుకని అడిగితే, అవ్వ ఉన్నప్పుడు ఉన్నదని పరేషాన్, ఇప్పుడు ఏడికి పోయిందో అని పరేషాన్ అన్నాడు. ఆ మాటకు నా పట్టికలో అంకె లేదు.

తర్వాత కొన్నాళ్లకు, ఊళ్లో మరోవైపు ఆల్థాన్‌లో ఉన్న మా క్లినిక్‌కు ఒక అమ్మాయి వచ్చింది. శిరీష అనుకుందాం. తెనాలి అమ్మాయి, ఉద్యోగం కోసం కొత్తగా సూరత్ వచ్చింది. మగ్గం అన్నది దగ్గర్నుంచి చూడలేదు. ఓదెలు ఎప్పుడూ సచిన్‌లోని మా పరిశోధన గదికే వచ్చేవాడు, ఆల్థాన్ వైపు రాలేదు.

ఒక ముసలామె గొంతు వినపడుతోందని చెప్పింది. ఏమంటుందని అడిగాను.

"పోగు తెగింది, చూసుకో అంటుందండి. చెవిపోగేమో అనుకుని ఊరికే చెవులు తడుముకుంటున్నాను. పైగా నన్ను కొడుకా అంటుంది. ఆడపిల్లని కదండీ."

నేను పెన్ను కింద పెట్టేశాను. ఇంకేమైనా అంటుందా అని నేను అడగకముందే ఆమే చెప్పింది.

"ఓదెలు ఏడున్నడు అని అడుగుతుంది మేడం. ఓదెలు అంటే ఏంటండి?"

ఆ రోజు ఇంకెవరినీ చూడలేకపోయాను. వెళ్లి మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన కొట్టిపారేయలేదు. నా ప్రశ్నల్లోంచే ఆమెకు ఏదైనా తెలిసి ఉండవచ్చని, ఓదెలు సంగతి ఏమీ తెలియని మరొకరి చేత ఆమెను మళ్లీ అడిగించారు. ఆ అమ్మాయి అవే మాటలు చెప్పింది. ఎక్కడో విన్న మాటలు మనసులో మిగిలిపోయి ఉంటాయన్నారాయన. ఎక్కడ విన్నదో ఆయనా చెప్పలేకపోయారు. గొంతు ఉందా లేదా అన్నదే మనం కొలుస్తాం, ఏమందన్నది కాదు అన్నారు. అదీ నిజమే.

నాకు పట్టుకున్న భయం వేరు. ఓదెలుకు ఈ సంగతి తెలిస్తే? అవ్వ తన కోసం ఊరంతా తిరుగుతోందని మందులు మానేస్తే? రాజవ్వ మొహం గుర్తొచ్చి, ఎవరి దగ్గరా నోరు విప్పకూడదనుకున్నాను.

కొద్ది రోజులకు అతని చివరి ముఖాముఖి వచ్చింది. పగటి పూట, సచిన్‌లోనే. బయట బల్ల మీద రాజవ్వ కూర్చుని ఉంది. గొంతు మళ్లీ వినిపించిందా అని అడిగితే లేదన్నాడు. నిద్ర బాగుందన్నాడు. అన్నీ అయ్యాక, లేవకుండా నన్నే చూస్తూ, "అవ్వ ఇంకెవలకన్న ఇనవడుతున్నదా మేడం?" అన్నాడు.

వేరేవాళ్ల సంగతులు చెప్పకూడదని నిబంధన ఉందని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతను తల ఊపాడు. "అంటే ఉన్నరన్నట్టే. అవ్వ మళ్ల అడిగితే వాళ్లను చెప్పమనుండ్రి, ఓదెలు మంచిగున్నడని."

మందులు మానవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపించాను. మాననన్నాడు. మానలేదు కూడా. ఇప్పటికీ బాగున్నాడు.

ఆ కబురు నేను ఎవరికీ అందించలేదు. డాక్టరుగారికి కూడా చెప్పలేదు. అతను ఆ మాట అన్నప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం.

తర్వాతి వారం ఆల్థాన్‌లో శిరీష నవ్వుతూ వచ్చింది. గొంతు ఆగిపోయిందని చెప్పింది. కొన్నాళ్లుగా మందులు వేసుకుంటోంది, తగ్గాల్సిన సమయమే. నాకు సంతోషమే కలిగింది. ఆఖరుసారి ఏమని వినపడిందో మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. అది నా ప్రశ్నల్లో లేనిది.

ఆమె కాస్త ఆలోచించి చెప్పింది. "నాతో ఏమీ అనలేదండి. తనలో తనే అనుకున్నట్టు అంది. మంచిగున్నడట, అని."

ఇద్దరి పేర్ల పక్కనా తగ్గింది అనే రాశాను. అది అబద్ధం కాదు. ఆ చికిత్స మీద నాకు ఈ రోజుకీ అనుమానం లేదు. ఎవరైనా ఇలాంటి బాధతో వస్తే అక్కడికే పంపిస్తాను.

కానీ బాగున్నాడు అనడం వేరు, బాగున్నాడట అనడం వేరు. ఎవరో చెబితేనే అలా అంటాం. ఆ అవ్వకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.