ఒట్టు పెట్టని మాలకొండమ్మ

మా అమ్మ పేరు మాలకొండమ్మ. బాప్తిస్మం ఇచ్చే రోజున పాస్టరుగారు కొత్త పేరు పెట్టుకోమన్నారట. "ఇన్నాళ్ళూ ఈ పేరుతోనే కదయ్యా ప్రభువు నన్ను చూసుకున్నాడు. ఇప్పుడు మారిస్తే నన్ను యాడని ఎతుక్కుంటాడు?" అందట అమ్మ. పాస్టరుగారు నవ్వి, ఆ పేరుతోనే నీళ్ళలో ముంచారు.

తడకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. నాన్న పోయాక అమ్మ తడ మార్కెట్లో చేపలు అమ్మింది. అక్కడ పక్కన గంప పెట్టుకుని కూర్చునే లిల్లీ అనే ఆవిడ వెంట ఒక ఆదివారం ప్రార్థనకు వెళ్ళింది. ఆ తర్వాత మానలేదు. నన్నూ తమ్ముణ్ణీ రమ్మని బలవంతపెట్టనూ లేదు. చేపలు తోముతూనే దేవుడితో మాట్లాడేది. పక్కింటావిడతో ఊరి సంగతులు చెప్పినట్టే ఉండేది ఆ ప్రార్థన.

ఆమె పోయి ఏడాది కాలేదు. ఆమెను తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది గంగమ్మ గుడి ముందు నిలబడిన మధ్యాహ్నం.

సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల కట్టాలో మా ఊరివాళ్ళు చీట్లు వేసి పంచుకుంటారు. వంతు ఉన్నవాడికే బతుకు. ఆ ఏడు మా తమ్ముడు మస్తాన్‌కూ పక్క వంతు ఆదెయ్యకూ వలలు కట్టే గుంజల హద్దు దగ్గర మాటా మాటా పెరిగింది. "ఇంకోసారి ఇటు జరిగితే నీ వల కోసి పారేస్తా" అని మస్తాన్ అందరి ముందూ అరిచాడు. రెండు రోజులు తిరగకముందే ఆదెయ్య వల నిలువునా చీలిపోయి కనిపించింది. తెల్లవారుజామున గాలి లేచినప్పుడు పడవల దగ్గర ఎవరో తిరగడం చూశామని ఇద్దరు చెప్పారు. ముఖం మాత్రం ఆనవాలు పట్టలేకపోయారు.

ఊరి కట్టుబాట్లు చూసేది పెద్దకాపు చెంచురామయ్య. ఆయన గంగమ్మ గుడి ముందుకు పిలిచి అడిగితే మస్తాన్, "పొద్దెక్కేదాకా ఇంట్లోనే పండుకోని ఉండినా" అన్నాడు.

"ఎవరు చూసినారు?"

"మా అమ్మ."

తగువు తేలకపోతే గంగమ్మ ముందు కర్పూరం వెలిగించడం మా ఊరి పద్ధతి. సాక్షి నిజం చెప్పి, మంటను అరచేత్తో ఆర్పాలి. అబద్ధం చెప్పి ఆర్పితే ఆ ఇంటివాళ్ళను సరస్సు తిరిగి ఒడ్డుకు రానివ్వదని భయం. మధ్యాహ్నం మాలకొండమ్మను తీసుకురమ్మన్నారు.

నేను అప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. మస్తాన్ ఇంట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. అమ్మ రొయ్యలు ఒలుస్తోంది.

"అమ్మా, నేను కొయ్యలేదు."

"తెలుసు నాయినా."

"మరి వచ్చి చెప్పు. ఇంట్లోనే ఉండినాడని చెప్పు."

"నేను లేచేటప్పటికి నీ చాప ఖాళీగా ఉండింది కదరా."

"గాలి లేస్తే పడవ కట్టను పోయినా. ఆ మాట చెప్తే నమ్ముతారా? నా పడవకీ వాడి వలకీ మధ్య ఎంత దూరం ఉండాది? నేరుగా నన్నే పట్టుకుంటారు. వంతు పీకేస్తారు."

అమ్మ ఒలుస్తూనే ఉంది. రొయ్య పొట్టు గిన్నెలో పడకుండా నేల మీద పడుతోంది. ఆమె చెయ్యి అలా తప్పడం నేను అంతకుముందు చూడలేదు.

"పోనీ ఒక పని చెయ్యి" అన్నాడు మస్తాన్, గొంతు తగ్గించి. "మా మతంలో ఒట్టు లేదని చెప్పి గమ్మునుండు. నువ్వు అబద్ధం చెప్పిన పాపమూ ఉండదు, నాకూ చెడుపు ఉండదు."

నాకు ఆ మాట బాగుందనిపించింది. ఒట్టు పెట్టుకునే పని లేని మాట మాట్లాడమని ప్రభువు చెప్పాడని అమ్మ ఎప్పుడూ అనేదే. ఆమె నమ్మకమూ నిలుస్తుంది, వాడి వంతూ నిలుస్తుంది.

మస్తాన్ బయటికి పోయాక అమ్మ చేతులు కడుక్కుని, గోడ వైపు తిరిగి నిలబడింది. "ప్రభువా, అబద్ధం నా నాలిక చివరిదాకా వచ్చి కూర్చోనుంది. బిడ్డ మీద ప్రేమతో వచ్చిందిలే అని నువ్వు ఊరుకుంటావేమోనని కూడా అనిపిస్తా ఉంది. ఊరుకోవాకు" అంది. ఆ తర్వాత కొంగు సర్దుకుని నడిచింది.

గుడి ముందు ఊరంతా ఉంది. ఆడవాళ్ళు అరుగు మీద, మగవాళ్ళు కింద ఇసకలో. ఇసక కాలుతోంది. చెంచురామయ్య పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాడు. ఎండలో మంట కనపడలేదు, దాని మీద గాలి వణకడమే కనపడింది.

"చెప్పమ్మా మాలకొండమ్మా. చెప్పి ఆర్పు."

"ఒట్టు పెట్టను పెద్దకాపా."

గుసగుసలు లేచాయి. ఆదెయ్య నవ్వాడు. "ఆదివారం పాటలకి నోరు బాగా లేస్తాది. గంగమ్మ ముందర లేయదు."

"వాళ్ళ పుస్తకం తెప్పించండబ్బా, దాని మీద పెడతాది" అన్నారెవరో.

"దాని మీదా పెట్టను" అంది అమ్మ.

ఈసారి అందరూ నవ్వారు. మస్తాన్ నవ్వలేదు. పిడికిలి బిగించి అమ్మనే చూస్తున్నాడు. పళ్ళెంలో కర్పూరం కరిగి సగమైంది.

చెంచురామయ్య చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. "వాళ్ళ మతంలో లేదంటా ఉంది. పెద్దామెను బలవంతం చేసేది న్యాయం కాదు. ఆదెయ్యా, నువ్వూ కళ్ళారా చూసినోడివి కాదు. సాక్ష్యం లేనప్పుడు ఈ మాట ఇంతటితో వదిలేస్తాం."

మస్తాన్ భుజాలు దిగాయి. నేనూ ఊపిరి వదిలాను. అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అంతే, అయిపోయిందనుకున్నాను. ఆమె ఆగింది.

"పెద్దకాపా, ఒట్టు పెట్టనన్నా. చెప్పనని అనలేదే."

"అమ్మా!" అన్నాడు మస్తాన్.

ఆమె వాడి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేననుకుందేమో. "తెల్లారుజామున ప్రార్థనకి లేచినా. బిడ్డ చాప మీద లేడు. మోకాళ్ళ దాకా తడిసి వచ్చినాడు. గాలి లేచింది, పడవ కట్టి వచ్చినానన్నాడు. ఇంట్లోనే ఉండినానని మీకు చెప్పింది అబద్ధం. వల కొయ్యలేదని నాకు చెప్పింది నిజమని నేను నమ్మినా. నేను చూసింది ఇంతే. వాడు చెప్పిందీ ఇంతే."

కర్పూరం దానంతట అదే ఆరిపోయింది.

"ఇన్నారా! కన్నతల్లే చెప్పింది!" ఆదెయ్య లేచి మస్తాన్ మీదికి వచ్చాడు. ఇద్దరు అడ్డం పడ్డారు. మస్తాన్ కదల్లేదు. వాడి ముఖం నేను చూడలేకపోయాను.

"ఉండయ్యా" అని అరుగు మీద నుంచి ఒక గొంతు లేచింది. ఆదెయ్య భార్య వనజాక్షి. "పొద్దన మన పడవకి రెండో తాడు ఎవరు కట్టినారు?"

"నువ్వు గమ్మునుండు!"

"ఎందుకుండాల? ఎవడో నీలం తాడుతో ఇనప ముడి ఏసినాడు, ఇప్పదీసేకి గోరు ఊడిందని నన్ను తిట్టలా నువ్వు? ఈ ఊళ్ళో నీలం తాడు ఎవరి పడవలో ఉండాది? ఈ పిల్లోడు ఇంట్లో పండుకోనుండినాడంటే, తాడు దానంతట అది వచ్చి కట్టుకుందా అని అప్పటినుంచీ ఆలోచిస్తా ఉండా."

చెంచురామయ్య మస్తాన్‌ను చూశాడు. "నువ్వేనా కట్టింది?"

"నేనే" అన్నాడు మస్తాన్, నేల చూస్తూ. "అది గాలికి ఊగి నా పడవని గుద్దతా ఉండింది. ఆయన మీద ప్రేమతో కాదు."

నవ్వు రావాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. ఆదెయ్య తన బొటనవేలు చూసుకుని కూర్చుండిపోయాడు. వల కోసేవాడు అదే చేత్తో వాళ్ళ పడవ కాపాడి పోడని అందరికీ తెలిసింది. ఆ వల ఎవరైనా కోశారో, గాలికి కొట్టుకొచ్చిన మొద్దే చీల్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ చెంచురామయ్య అంతటితో వదల్లేదు. "వల సంగతి కొట్టేసినాం. గంగమ్మ ముందర అబద్ధం చెప్పినందుకు ఈ తడవ నీకు వంతు లేదు."

అమ్మ దానికి అడ్డం చెప్పలేదు. తల ఒకసారి ఊపి ఇంటి దారి పట్టింది. మస్తాన్ మాకు చాలా ముందు నడిచి పోయాడు.

వంతు లేని ఆ కాలమంతా వాడు తడ దగ్గర ఒక కంపెనీలో పనికి పోయాడు. అమ్మతో మాట మానేశాడు. ఆమె పొద్దున్నే క్యారియర్ కట్టి గడప పక్కన పెట్టేది. వాడు తీసుకుపోయేవాడు. సాయంత్రం కడిగిన క్యారియర్ అక్కడే ఉండేది. ఒక్కోరోజు అమ్మ దాని మూత తెరిచి, ఖాళీ గిన్నెలోకి కాసేపు చూసి మూసేది. "ప్రభువా, వాడు తిన్నాడు" అనేది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, గాలి ఉన్నట్టుండి లేచింది. మస్తాన్ కంపెనీ నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా దూలం మీద నుంచి తాడు అందుకున్నాడు. గడప దాటబోయి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"పడవల కాడికి పోతన్నా."

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గరిటె తిప్పుతూ, ఏమీ జరగనట్టే, "ఆదెయ్యది కూడా చూసిరా" అంది.

"ఆయనకి చేతుల్లేవా?"

"ఉన్నాయిలే. గోరు లేదు కదా."

వాడు నవ్వును దగ్గుగా మార్చుకుని బయటికి పోయాడు.

అప్పటినుంచి మస్తాన్ ఎక్కడికి పోయినా అమ్మకు చెప్పే పోయేవాడు. మొన్న వానల కాలంలో ఆమెను ఇసక దిబ్బ వెనక మట్టిలో పెట్టాము. ప్రార్థన అయ్యాక ఆదెయ్య, వనజాక్షి కూడా పిడికెడు మట్టి వేశారు. అందరూ వెళ్ళిపోతుంటే గాలి లేచింది. మస్తాన్ సరస్సు వైపు ఒకసారి చూసి, తిరిగి సమాధి దగ్గరికి వచ్చి వంగాడు.

"పడవల కాడికి పొయ్యొస్తామ్మా" అన్నాడు.