మునేటి ఒడ్డుకు నడిపించిన నర్సమ్మగారు

నందిగామలో నాకు పురుడు పోసిన నర్సమ్మగారు పొలం గట్టు కనిపిస్తే చాలు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. పందొమ్మిదివందల యాభైల చివర్లో నా తొలి బిడ్డ పుట్టిన మూడోనాడే పోయింది. ఆ దుఃఖానికి నాకు మాట పడిపోయింది. గాలి సోకిందని మా అత్తగారు నన్ను చీకటిగదిలో ఉంచి, భూతవైద్యుడికి కబురంపారు. అతను రాకముందే నర్సమ్మగారు వచ్చి ఆ గది తలుపులు బార్లా తీశారు.

“ఈ పిల్లకి కావాల్సింది వెలుతురండి. రోజూ పొద్దున్నే మునేటికి తీసుకెళ్తా.”

“మా కోడలు నీతో పొలాలెంట తిరిగితే నలుగురూ ఏమంటారు?” అన్నారు మామగారు.

“ఏమన్నా నన్నే అనమనండి.”

ఏటి ఇసకలో కూర్చుని ఇద్దరం నీళ్లలో కాళ్లు పెట్టుకునేవాళ్లం. ఆవిడ నన్నేమీ అడిగేవారు కాదు. ఒకరోజు దూడ వెంట ఈదుతున్న గేదెను చూసి నేను బావురుమన్నా. బట్టలుతికేవాళ్లు పరిగెత్తుకొచ్చారు.

“ఏడవనివ్వండమ్మా, ఎవరూ ఓదార్చొద్దు,” అని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. ఎండెక్కేదాకా ఏడ్చా.

ఆ సంగతి ఇంటికి చేరింది. మర్నాడు మామగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, “పరువు తీసింది చాలు, లోపలికి పో” అన్నారు. నర్సమ్మగారు బదులిచ్చేలోపే నేనన్నా:

“తప్పుకోండి మామయ్యగారూ. నేను వెళ్తా.”

మూడు నెలల తర్వాత విన్న నా మాట నాకే కొత్తగా ఉంది. ఆయన తప్పుకున్నారు. ఆ రోజు నేను ముందు నడిచా, ఆవిడ నా వెనక వచ్చారు.