అలీబాగ్‌లో నా ఒంటరి మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకున్న కోరిక వింటే మీరు నవ్వుతారు. బంగారం కాదు, స్కూటీ కాదు, పెళ్లికొడుకు అసలే కాదు. ఒక గదిలో గడియ పెట్టుకుని ఒక గంటసేపు ఒక్కదాన్నే ఉండాలి, అంతే. కామాఠీపురాలో మాకున్నది ఒకే గది. అందులో అవ్వ (నాన్నకు అమ్మ), అమ్మ, నాన్న, తమ్ముడు, నేను, పైగా పని వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చిన బంధువెవరో ఒకరు. బట్టలు మార్చుకోవాలంటే మిగతావాళ్లంతా గోడవైపు తిరగాలి (తిరిగి కూడా మాట్లాడుతూనే ఉంటారు). ఏడుపొస్తే ఎందుకొచ్చిందో ముందు వరండా మొత్తానికి సంజాయిషీ చెప్పుకుని, తర్వాత తీరిగ్గా ఏడవాలి. ఇక తలుపంటారా, మా చాల్‌లో (ఒకే వరండా మీద వరసగా ఒంటిగది ఇళ్లుండే లోగిలి) పగటిపూట తలుపేసే అలవాటే లేదు. పట్టపగలు ఎవరి తలుపైనా మూసి ఉందంటే లోపల చావో, కొట్లాటో జరిగినట్టు లెక్క.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తలుపులూ కిటికీలూ బిగించే పని చేసే మా మామకు (అమ్మ తమ్ముడు) ఒక సేఠ్ అలీబాగ్‌లోని తన కాటేజీ పని అప్పగించాడు. సేఠ్ కుటుంబం సెలవులకు వెళ్లి ఉండే ఇల్లు. పని నచ్చి, వానలు తగ్గాక మీవాళ్లను తెచ్చుకుని రెండు రోజులు ఉండమన్నాడట. సముద్రం పక్కనే, మూడు గదులు. ఆ మాట వినగానే అందరూ సముద్రాన్ని పట్టుకున్నారు, నేను గదులను పట్టుకున్నాను. వాటికి తలుపులున్నాయా అని కూడా అడిగాను. "నా చేతులతోని నేనే పెట్టిన" అన్నాడు మామ గర్వంగా.

స్టవ్వు, రొట్టెల పెనం, జొన్నపిండి, చాపలతో సహా లాంచీ ఎక్కాం. కాటేజీలో కుళాయి తిప్పగానే నీళ్లు రావడం చూసి, మళ్లీ వస్తాయో రావోనని అవ్వ ఉన్న గిన్నెలన్నీ నింపి పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నాన్నా తమ్ముడూ సముద్రానికి వెళ్లారు. మిగిలినవాళ్లు మూడు గదులూ ఖాళీగా పెట్టుకుని ముందు హాల్లో వరసగా చాపలేసుకున్నారు. ఇదే అదనని నేను చివరి గదిలోకి జారుకుని గడియ పెట్టాను. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. మంచం మీద కాళ్లూ చేతులూ బారజాపి పడుకున్నాను (అలవాటు లేక అవి వాటంతటవే ముడుచుకున్నాయి). ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

"పిల్లేది?" అంది అవ్వ.

"లోపలున్నది. దర్వాజా ఏస్కున్నది" అంది అత్త (మామ భార్య). వెంటనే హాల్లో మాటలు ఆగిపోయాయి. తర్వాత అడుగుల చప్పుడు.

"ఏమైంది బిడ్డా? ఆఫీసుల ఎవరన్న ఏమన్న అన్నరా?" అంది అమ్మ తలుపు దగ్గర నుంచి.

"ఏం కాలేదమ్మా. ఊకెనే."

"ఊకెనే దర్వాజా ఎవరేస్కుంటరే?"

"ఎవడన్న పోరడున్నడేమో వదినా" అని అత్త గుసగుస. "ఉంటే ఉండనియ్. నౌక్రీ ఉన్నదా అడుగు" అని మళ్లీ తనే అంది.

నా గంట నా కళ్లముందే కరిగిపోతుంటే నిజంగానే ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు బయటికి వినబడినట్టుంది. "అక్కా, జర బాజూకు జరుగు" అన్నాడు మామ. తలుపు మడతబందులు బయటివైపు ఉండటం నా ఖర్మ. పెట్టినవాడికి తీయడమెంతసేపు? స్క్రూడ్రైవర్ ఆనించి, రొట్టెల కర్రతో టకటకా కొట్టి చీలలు ఊడగొట్టాడు. నా తలుపు వెళ్లి గోడకు ఆనుకుంది. అందరూ గుమ్మంలో, నేను మంచం మీద.

"పుట్టినకాంచి ఒక్కదాన్నే ఎప్పుడన్న ఉన్ననా అమ్మా? ఒక్క గంట ఉండాలనుకున్న" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మామ గబగబా తలుపెత్తి మళ్లీ పెట్టబోయాడు గానీ, సముద్రపు తేమకు ఉబ్బిందేమో, అది చౌకట్టులో కూర్చోనంది. అప్పుడు అవ్వ తన మూటలోంచి చీర తీసి, ఒక కొస చౌకట్టుకు మిగిలిన బందుకూ, ఇంకో కొస గడియ పట్టే కొండికీ కట్టి, అడ్డంగా తెర వేసింది. నాకు వీపు పెట్టి దాని ముందు కూర్చుంది.

"ఎవ్వరు రావొద్దు. పిల్ల ఒక్కతే ఉంటదంట" అంది అందరితో. నావైపు తల వంచి మెల్లగా, "నేను గూడ ఎన్నడుండలే బిడ్డా. ఎట్లుంటదో జర నాకు చెప్పు" అంది.

ఆ తర్వాత ఆమెకు ఆత్రం ఆగలేదు.

"బిడ్డా, ఒక్కదానివే ఉన్నవా?"

"ఉన్న అవ్వా."

"మంచిగున్నదా?"

"మంచిగుంది."

"సరే, ఉండు."

రెండు తమలపాకులు నమిలేంతలో మళ్లీ అదే ప్రశ్న. నా గంటంతా జవాబులు చెప్పడంతోనే గడిచిపోయింది.

ఇప్పుడు వర్లిలో నాకు నా సొంత గది ఉంది. అవ్వ పోయి కొన్నేళ్లయింది. ఆదివారం మధ్యాహ్నం గడియ పెట్టుకుని కూర్చుంటే ఏమైందని తలుపు తట్టేవాళ్లు లేరు. ఒక్కోసారి ఆ నిశ్శబ్దంలో "ఉన్న అవ్వా" అని పైకే అనేస్తాను. నాలో నేనే నవ్వుకుని, లేచి వెళ్లి గడియ తీసేసి ఉంచుతాను.