సుఖకాన్పు కోసం

మాది తిరువూరు. మామిడిపళ్ల రోజుల్లో మా వీధిలో ఏ ఇంటికెళ్లినా ముందు పండు చేతిలో పెట్టి ఆ తరవాతే కుశలం అడుగుతారు. అలాంటి ఊళ్లో ఉంటూ నాకు షుగరొచ్చింది. అదీ ముప్పై దాటీ దాటకుండానే. పైగా నేను చీపురుపుల్లలా ఉంటాను. "నీకు షుగరేంటి, ఒంటిమీద కండే లేదుగా!" అని ఆశ్చర్యపోనివాళ్లు లేరు. రెడ్డిగూడెంలో ఉండే మా ఆడపడుచు అయితే ఇప్పటికీ నమ్మదు. ల్యాబులో ఎవరి రిపోర్టో నాకు అంటగట్టారని ఆవిడ అనుమానం.

మా అమ్మకి నన్ను కన్న సంగతి చెప్పుకోవడమంటే మహా సరదా. "ఒక్క నొప్పికే పుట్టింది. చేటలో పడుకోబెడితే ఇంకో పిల్లకి చోటు మిగిలింది" అంటుంది. ఆ ఘనత వెనకున్న కిటుకూ తనే చెబుతుంది. కడుపుతో ఉన్నప్పుడు అరకడుపుకే తినాలి, అప్పుడు బిడ్డ చిన్నగా ఉండి సుఖకాన్పవుతుంది. మా నాయనమ్మ తనకి అలాగే పెట్టిందట. పుట్టాక మాత్రం నన్ను నెయ్యి ముద్దలతో మేపారు.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఏడో నెలలో కాన్పుకని మా ఇంటికొచ్చింది. మా దగ్గరే ఉంటున్న అమ్మ వంటింట్లోంచి ఒక చిన్న స్టీలు గిన్నె బయటికి తీసింది. పిల్లకి అన్నం దాంతోనే, అదీ పూటకి ఒక్కసారే. నేను గొడవపడ్డాను. "అలా తినే కదే నిన్ను కన్నాను! నువ్వు పుట్టలేదా?" అంది. పుట్టిన మాట నిజమే.

ఆ నెల చెకప్పుకి ముగ్గురం వెళ్లాం. స్కాను చూసి డాక్టరమ్మ, బిడ్డ ఉండాల్సినదానికంటే చిన్నగా ఉందని చెప్పింది. నేను పిల్ల చెయ్యి పట్టుకున్నాను. అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది.

"చిన్నగా ఉంటే మంచిదేగా అండీ, కాన్పు తేలికవుద్ది."

డాక్టరమ్మ ఆవిణ్ణి ఒకసారి చూసి, "ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అని అడిగింది. బళ్లో పిల్లలా చెయ్యెత్తాను. నన్ను ఎగాదిగా చూసి, పుట్టినప్పుడు ఎంత బరువున్నానని అడిగింది. అమ్మ ఉత్సాహంగా చేట కథ మొదలుపెట్టింది.

డాక్టరమ్మ నవ్వలేదు. కడుపులో చాలినంత అందని బిడ్డ ఒళ్లు ఉన్నదాంతో సరిపెట్టుకోవడానికి అలవాటుపడుతుందట. పుట్టాక దండిగా తిండి దొరికితే సర్దుకోలేక తంటాలు పడుతుందట. అలాంటివాళ్లకి పెద్దయ్యాక, సన్నగా ఉన్నా సరే, షుగరూ బీపీ వచ్చే అవకాశం ఎక్కువట.

"అందరికీ రావాలని లేదండి. మీకు దానివల్లే వచ్చిందనీ చెప్పలేను. బిడ్డ ఎదగకపోవడానికి వేరే కారణాలూ ఉంటాయి, అవన్నీ చూద్దాం. ముందు ఈ అమ్మాయికి కడుపునిండా పెట్టండి" అంది.

నా షుగరు మాట ఎలా ఉన్నా, ఇంకా లోకం చూడని ఆ పసిగుడ్డుకి కూడా ఇదే రాసిపెట్టి ఉందేమోనని నాకు భయమేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ మనవరాలి పొట్ట వంకే చూస్తూ కూర్చుంది. మా అమ్మ నోరు మెదపకుండా బజారు దాటడం నేనెప్పుడూ ఎరగను. కోపమంతా పోయి జాలేసింది. ఇన్నేళ్లూ నా కోసం గొప్ప పని చేశాననుకునే కదా మురిసిపోయింది.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుని మనవరాలికి కంచం పెట్టింది. చిన్న గిన్నెని పక్కకి తోసేసి పెద్ద గరిటె తీసింది. పప్పు, గుడ్డు, పైన నెయ్యి. గిన్నెడు తిండికే అలవాటుపడిపోయిన మా అమ్మాయి, రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు అమ్మమ్మా."

అమ్మ గరిటె దించలేదు.

"మా అత్తగారి ముందు నేనూ చాలనే అనేదాన్నే" అంది. "ఒక్కనాడూ చాల్లేదు."

మా అమ్మాయి చెయ్యి తీసేసింది.