గని మీది నీళ్ళు

నా భార్య చనిపోయి పదహారు రోజులైంది. పెద్దపల్లి డాక్టరు సూది వేసి, చేతులు కడుక్కుని వచ్చేలోపే అయిపోయింది. నేను ఉత్తరం రాయలేకపోయినవాళ్ళు దీన్నే కబురు అనుకోవాలి.

ఆమె పుట్టిన ఊరు మీలో కొందరు చూసే ఉంటారు. ఆదిలాబాదు గుట్టల నడుమ నీలంగా నిలిచిన నీళ్ళు, ఒడ్డున సర్కారు బంగళా, షికారుకు పడవలు. ఇప్పుడు ఆ నీళ్ళున్నచోట నిజాం కాలంలో బొగ్గు గని ఉండేది. ఒక వానాకాలం వాగు గనిలోకి తిరిగింది. దిగినవాళ్ళు పైకి రాలేదు. వాళ్ళలో మా మామగారు ఒకరు.

శవం దొరకలేదు. మా అత్తగారు చివరిదాకా గాజులు తీయలేదు. పెత్తరమాసనాడు అందరూ చనిపోయిన పెద్దల పేర బియ్యం ఇస్తారు. ఆ ఇంట్లో ఆయన పేర ఇవ్వలేదు. తల్లి పోయాక నా భార్యా ఇవ్వలేదు. మా బావిలో బొక్కెనను ఆమె ఎన్నడూ ధబాలున వదల్లేదు. చేంతాడు కొంచెం కొంచెంగా జారవిడిచేది. ఎందుకని అడిగితే, "నీళ్ళు వింటయి" అనేది.

చదువుకున్నవాణ్ణి కదా, ఆమె బరువు దించుదామనుకున్నాను. ఒక పెత్తరమాసకు, ఆమెను అడగకుండానే మామగారి పేర బియ్యం ఇచ్చాను. ఇంటికొచ్చి చెప్పాను. ఆమె బతుకమ్మ పేరుస్తోంది. చేతిలోని తంగేడు పువ్వు పక్కన పెట్టింది.

"మా బాపు లేడని మీకెవలు చెప్పిండ్రు?"

ఆ ఏడు మా ఇంట బతుకమ్మ సగంలోనే ఆగింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. వేళకు అన్నం పెట్టింది. ఆ ఓర్పుకు నేను తగినవాణ్ణి కాను.

నిరుడు తనే అడిగింది, ఆ నీళ్ళు చూద్దామని. పడవెక్కాం. నడుమకు రాగానే పడవవాడితో అంది: "జర మెల్లగ తెడ్డెయ్యి తమ్మీ. కింద మనుషులున్నరు."

అతడు నవ్వాడు. "చేపలుంటయక్కా. మనుషులెందుకుంటరు?"

"మా బాపున్నడు."

అతడు మరి నవ్వలేదు.

మైల తీరాక, నిన్న ఒక్కణ్ణే వెళ్ళాను. అదే పడవ, అదే మనిషి. అక్క రాలేదా అని అడిగాడు. చెప్పాను. హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు కూడా ఎక్కారు. వాళ్ళు పాట అందుకున్నారు. నడుమకు రాగానే అతడు రెండు తెడ్లూ పైకెత్తి పట్టుకున్నాడు. ఎందుకాపావని వాళ్ళు అడిగారు.

"గిక్కడ గంతే సారూ" అన్నాడు. నా వైపు చూడలేదు.

పాట ఆగిపోయింది. తెడ్ల చివరల నుంచి చుక్కలు రాలుతుండగా, పడవ చప్పుడు లేకుండా ఆ లోతు మీదుగా దానంతటదే సాగింది.