తెల్ల బండి, నీలం బండి

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా నన్ను అడిగి కొన్న పాపాన ఎవరూ పోలేదు. ఫ్రిజ్ వచ్చింది, సోఫా వచ్చింది, హాల్లో గోడంత టీవీ వచ్చింది. అన్నీ ట్రాలీ ఆటోలోంచి దిగాకే చూశాను. అలాంటిది ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన, "కారు కొందాం. ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు, నడిపేది నువ్వే గదా" అన్నాడు. నేను సరిగానే విన్నానా అని ఇంకోసారి అనిపించుకున్నాను.

నాకు ఎడమ కాలికి పసితనంలోనే పోలియో వచ్చింది. ఇనుప పట్టీలున్న బూటు వేసుకుని నడుస్తాను. ఎల్దుర్తి దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. మెదక్ నుంచి రోజూ వెళ్లి రావడం, వెనక అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించిన స్కూటీ మీద. వానాకాలంలో దాని మీద పోవడమంటే ఏమిటో నన్నడగాలి. లారీ పక్కనుంచి పోయిందంటే రోడ్డు మీది బురదంతా నా చీర మీదే. దారిలో మొరాయిస్తే దిగి నెట్టుకుంటూ పోయే కాలు కాదు నాది. ఎవరో ఒకరు ఆగి సాయం చేసేదాకా చెట్టు కింద నిలబడాలి. చేసినవాళ్లు ఊరుకోరు, "ఇంట్ల మొగోళ్లు లేరా టీచరమ్మా" అని ఒక మాట అనే పోతారు.

మా బడిలో ఒక టీచరమ్మకు గేర్లు లేని చిన్న కారుంది. సాయంత్రాలు బడి గ్రౌండులో ఆవిడే నాకు నేర్పింది. గేర్ల బండికైతే ఎడమ కాలితో క్లచ్ నొక్కి మెల్లగా వదలాలి, అది నా తరం కాదు. ఆటోమేటిక్‌లో ఎడమ కాలికి పనే లేదు. ఉన్నవి రెండే పెడళ్లు, రెండూ కుడి కాలివే. లైసెన్స్ చేతికొచ్చిన రోజు స్టాఫ్‌రూంలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఇంటికి తెచ్చినవి మా ఆయనా తిన్నాడు. "మస్తున్నయి" అన్నాడు, లైసెన్స్ గురించి కాదు.

అందుకే ఆ పొద్దుటి మాటకు నేను అంతగా పొంగిపోయాను. బజార్లో అప్పుడు రెండు ఎస్‌యూవీల పేర్లే వినిపించేవి. ధర ఇంచుమించు ఒకటే, ఎత్తు ఒకటే, ఒకదాన్ని చూసి ఇంకొకటి చేసినట్టుండేవి. స్టాఫ్‌రూం రెండు ముక్కలైపోయింది. తెలుగు సారు ఒకదాని పక్షం, సైన్సు మేడం ఇంకోదాని పక్షం. నేను అన్నం తింటూ కూడా ఫోన్లో ఆ వీడియోలే చూసేదాన్ని. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, అది నవ్వేది, "మమ్మీ, నువ్వు పెండ్లి సంబంధం గూడ గింత ఎంక్వైరీ చెయ్యవు" అని.

మొదట వాటిలో నీలం బండి నడిపాను, ఆటోమేటిక్‌ది. తూప్రాన్ షోరూంకు వెళ్లాం, ముగ్గురం. షోరూం ఆయన నా పక్కన, మా ఆయనా అమ్మాయీ వెనక. హైవే ఎక్కాక కాలు ఇలా ఆనించానో లేదో అలా ఉరికింది. స్టీరింగు వెన్నలా తిరిగింది. తెర పెద్దది, పాటలు బాగున్నాయి, వెనక సీటు మా ఆయన కాళ్లు చాపుకునేంత ఉంది. కానీ గడప ఎత్తు. ఎడమ కాలిని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టుకునేసరికి ఆయాసం వచ్చింది. అద్దం పక్కనుండే స్తంభం లావుగా ఉండి మలుపులో ఎదురుగా వచ్చే మనిషి కనిపించలేదు. ఎడమ పాదం పెట్టుకోవడానికి ఇరుకు జాగా, నా బూటు పట్టక పక్కకు జారుతూ ఉంది. దిగాక, "అందమైనదే గాని నా కోసం చేసింది కాదు" అన్నాను.

తర్వాతి ఆదివారం రెండోదాన్ని, తెల్ల బండిని, షోరూంవాళ్లు మా ఇంటికే తెచ్చారు, అదీ ఆటోమేటిక్‌దే. తలుపు బార్లా తెరుచుకుంది. సీటు మీద కూర్చుని తిరిగితే చాలు, కాలు దానంతటదే లోపలికొచ్చింది. ఎడమ పాదానికి వెడల్పాటి పీట లాంటి జాగా, బూటు కుదురుగా కూర్చుంది. దీని తప్పులు దీనికీ ఉన్నాయి. ఇంజను రొద ఎక్కువ, డిక్కీ చిన్నది, వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. అయితే ఏమైంది, వెనక కూర్చునేది నేను కాదు కదా అనుకున్నాను.

మా గల్లీలోంచి రాందాస్ చౌరస్తా దాకా నడిపాను. అది సంత రోజులా ఉంది, ఆటోలు, తోపుడు బండ్లు, అడ్డదిడ్డంగా బైకులు. బ్రేకు మీంచి కాలు కొంచెం తీస్తే చాలు, బండి తనే మెల్లగా ముందుకు జరుగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఒక ఆటో ముందుకు దూరింది, ఆపాను. వెనక బస్సువాడు హారన్ మీద హారన్ కొట్టాడు. కొట్టుకో నాయనా అని నా దారిన నేను పోయాను. చర్చి రోడ్డెక్కాక గేరు లేదు, క్లచ్ లేదు, నా చేతిలో బండి, ముందు రోడ్డు. పుట్టి బుద్ధెరిగాక నేను కుంటిదాన్నన్న సంగతి పూర్తిగా మరిచిపోయింది ఆ కాసేపే. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనకనుంచి మా ఆయన "అరె, మస్తు నడుపుతున్నవ్" అన్నాడు. అమ్మాయి వీడియో తీసింది.

ఇంటికొచ్చాక రెండింటి మంచీ చెడూ అంతా మా ఆయన ముందు ఏకరువు పెట్టాను. ఓపిగ్గా విన్నాడు. ఎరువుల దుకాణం ఆయనది, బేరాల్లో ఓపిక ఎక్కువ.

"మరి ఏది ఫైనల్?" అన్నాడు.

"తెల్లది."

"పక్కానా? మళ్ల మార్చవు గదా?"

"పక్కా."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇగ నీ మాటే నా మాట" అన్నాడు. నా మాట నెగ్గితే ఈయనకింత సంతోషమా అనుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లకు ఈ మనిషి నాకు అర్థమయ్యాడని కూడా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

మిగతాదంతా ఆయనే చూసుకున్నాడు. "నువ్వు సెలవు పెట్టకు, తిరుగుడు నేను తిరుగుత" అన్నాడు. కాగితాలు ఇంటికి తెచ్చాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. బండి నా పేరు మీదే తీసుకున్నాం. నా కాలి సర్టిఫికెట్ పెడితే పన్నులో రాయితీ వస్తుందట. బడిలో అందరికీ చెప్పుకున్నాను, బండి నా పేరు మీదే అని. స్కూటీ ఎవరికిద్దామా అని కూడా ఆలోచించాను.

బండి ఇచ్చే రోజు మా బావ, అక్క నిజాంపేట నుంచి వచ్చారు. బావంటే మా ఆయనకు అన్న, వ్యవసాయం చేస్తాడు. అక్కంటే ఆయన భార్యే. షోరూంలో బండి మీద ఎర్రటి పట్టుబట్ట కప్పారు. నన్నూ మా ఆయన్నీ చెరో కొసా పట్టుకుని లాగమన్నారు. లాగాం, చప్పట్లు కొట్టారు, కేకు కోశాం. అట్టతో చేసిన పెద్ద తాళంచెవి నా చేతికిచ్చి ఫొటో తీశారు. అక్క నా భుజం తట్టి, "నీ పంతమే నెగ్గింది పో" అంది.

నేనే తలుపు తెరిచి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఎడమ పాదాన్ని దాని జాగాలో పెట్టబోయాను. బూటు కింద ఏదో మెత్తగా లోపలికి పోయింది. వంగి చూశాను. మూడు పెడళ్లు. పక్కన చూశాను. గేరు రాడ్డు, దాని నెత్తి మీద అంకెలు.

ఆ క్షణాన కూడా నాకు మా ఆయన మీద అనుమానం రాలేదు, చూడండి నా తెలివి. షోరూం ఆయన్ని పిలిచి, "ఇది ఎవరిదో బండి, మాకిచ్చిన్రు. మాది ఆటోమేటిక్" అన్నాను. ఆయన నావైపు చూడలేదు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన కిటికీ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, "జర ఊకో. అందరున్నరు. ఇంటికి పోయినంక చెప్త" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. దిగి వెనక సీట్లో కూర్చున్నాను. బావ నడిపాడు. అక్కడినుంచి నేరుగా ఏడుపాయల గుడికి పోయాం, పూజకు. పంతులు కుంకుమ పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. "బండి ఎవరి పేరు మీదున్నదో వాళ్లు కూసోండ్రి, నిమ్మకాయల మీంచి ముందుకు తియ్యండ్రి" అన్నాడు. మా ఆయన పక్కకు చూస్తున్నాడు. చివరికి నేనే, "నాకు రాదండీ, మా ఆయన తీస్తడు" అన్నాను. లైసెన్స్ నా బ్యాగులోనే ఉంది. నలుగురిలో ఆయన పరువు నేనే కాపాడాల్సి వచ్చిందని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చాక చెప్పాడు. "అన్నకు ఆటోమేటిక్ రాదు. ఎప్పుడన్న ఆయనకు బండి పనిబడితే? రేపు అమ్మాలన్నా గేర్ బండికే గిరాకీ. దుకాణానికి నాకూ గేరే అలవాటు."

"మరి నేను?"

"నీకేంది? ఎక్కడికంటే అక్కడికి నేను తీసుకపోత గదా. నువ్వు రాణి లెక్క కూసో."

తడిగుడ్డతో గొంతు కోయడమనే మాట నేను చాలాసార్లు విన్నాను, వాడాను కూడా. అది ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని, లేదా ఏడ్చి ఊరుకునేదాన్ని. వద్దనలేదు. అడిగాడు, విన్నాడు, నీ మాటే నా మాట అన్నాడు. నా పేరు, నా సంతకం, నా చచ్చుకాలి సర్టిఫికెట్ అన్నీ పనికొచ్చాయి, నేను తప్ప.

రాణిలా కూర్చోమన్నాడుగా, కూర్చున్నాను. ఆ రోజు నుంచి ముందు సీట్లో అడుగు పెట్టలేదు. పెళ్లికి పోయినా, దవాఖానకు పోయినా, వెనక సీటే. మోకాళ్లు తగిలినా సరే. ఒకసారి పెట్రోలు బంకులో ఎవరో తెలిసినవాళ్లు నవ్వారట, ఆయనకు రోషం వచ్చింది.

"నేనేమన్న నీ డ్రైవర్నా? ముందలికి రా."

"ఎక్కడికంటే అక్కడికి తీసుకపోత అన్నది నువ్వే. నడుపు" అన్నాను.

ఆయన బండి తీశాడు. ఎక్కడికంటే అక్కడికి అన్న మాట కూడా ఎంతోకాలం నిలవలేదు. పొద్దున దుకాణం తెరవాలి, మధ్యాహ్నం లోడు దిగుతుంది, సాయంత్రం ఎవరో వస్తారు. బడికి నేను స్కూటీ మీదే పోతున్నాను. బండి మా ఇంటి ముందు నిలబడి ఉంటుంది.

అమ్మాయికి మాత్రం ఆదివారాలు నేర్పించాడు. చక్కగా నేర్చుకుంది, కాదనను. మొన్న మా బడి టీచరమ్మ ఇంట్లో ఫంక్షనుంటే తూప్రాన్‌కు అదే తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఎల్దుర్తి దాటాక అద్దంలోంచి నన్ను చూసి, "ఇంకెన్ని రోజులు మమ్మీ గిట్ల వెనక కూసుంటవ్? డాడీ పాపం పరేషాన్ అయితుండు" అంది.

"కానియ్యి. నేను ఆటోమేటిక్ చూసి చెప్పినంక, నాకు చెప్పకుండ గేర్ బండికి మార్చిండు. తప్పు కాదా?"

అది అద్దంలోంచి చూపు తీసి రోడ్డు మీద పెట్టింది. తర్వాత, "మార్చలే మమ్మీ" అంది. "ముందే బుక్ చేసిండు. తెల్లది, గేర్‌దే. నువ్వు నీలంది నడపకముందే."

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. "మరి నన్ను తూప్రాన్ దాక తీసుకపోయి, రెండూ ఎందుకు నడిపిచ్చిన్రు?"

"నీకు జర సరదా తీరుతదని. ఒక్కసారన్న నడపనీ పాపం, అన్నడు డాడీ. నాగ్గూడ మంచిగనే అనిపించింది. నువ్వు గంత ఖుషీగున్నవ్ గదా ఆ రోజు."

"నేను నీలంది కావాలంటే?"

"ఏదో ఒకటి చెప్పి తెల్లదే తెద్దామనుకున్నం. నువ్వే తెల్లది అన్నవ్, పని అల్కగైంది."

అంటే ఇద్దరూ కలిసే. చర్చి రోడ్డు మీద నా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, వెనక కూర్చుని ఇద్దరూ నన్ను చూసి జాలిపడుతున్నారు. పిల్లలకు జాతరలో రంగులరాట్నం ఎక్కించి, దిగేదాకా కింద నిలబడి చూస్తారే, అలా.

"బండాపు" అన్నాను.

"మమ్మీ..."

"ఆపుతవా లేదా?"

ఆపింది. తలుపు తెరుచుకుని దిగాను, మెదక్ వైపు నడవడం మొదలుపెట్టాను. రెండు పక్కలా వరి కోసేసిన పొలాలు, రోడ్డు మీద ఎండ. కోపం నన్ను కొంత దూరం తీసుకెళ్లింది. ఆ తర్వాత బూటు పట్టీ ఒరుసుకోవడం మొదలైంది. బండి నా వెనకే నడకంత వేగంతో వస్తోంది. అమ్మాయి హారన్ కొట్టలేదు, నన్ను పిలవలేదు కూడా. ఆ కాలితో నేను ఇంటిదాకా నడవలేనని నాకు తెలుసు, దానికీ తెలుసు.

ఆగాను. బండి వచ్చి పక్కన ఆగింది. వెనక తలుపు నేనే తెరిచి, ఎడమ కాలిని చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, తలుపు వేసుకున్నాను.