దవాఖాన వరండాలో సిఫారసు ఉత్తరం

డిగ్రీ చివరి ఏడాది బెంగళూరులో పంటల చీడపీడల మీద ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టుకున్నాను. ఇద్దరు అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు కావాలన్నారు. జువాలజీ సార్ నేను అడిగిన రోజే పంపేశారు. బోటనీ మేడం సరేనన్నారు గానీ, వెబ్‌సైట్‌లో ఆమె పేరు పక్కన 'పెండింగ్' అన్న మాట ఎంతకూ మారలేదు. రోజూ నెక్కొండ నుంచి రైల్లో వరంగల్ వచ్చేదాన్ని. సిగ్నల్ అందిన ప్రతిచోటా ఫోన్ తీసి అదే చూసేదాన్ని.

గడువు రేపనగా తెలిసింది, మేడం సెలవులో ఉన్నారని. వాళ్లమ్మకు పక్షవాతం వచ్చి హన్మకొండలో ఓ ప్రైవేటు దవాఖానలో ఉందట. తల్లి అట్లా ఉంటే ఉత్తరం సంగతి ఎట్లా ఎత్తడం? ఎత్తకపోతే నాకు ఏడాది పోతుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, "ముందుగాల పొయ్యి చూసి రా బిడ్డా. అడుగుడా వద్దా అన్నది ఆడికి పోయినంక జూద్దువు" అంది.

బత్తాయిలు కొనుక్కొని వెళ్లాను. మేడం వరండాలో బెంచీ మీద, నలిగిన చీరలో కూర్చుని ఉన్నారు.

"అమ్మమ్మకెట్లుంది మేడం?"

"జర నయమే. మాట ఇంకా రాలే."

బత్తాయిల సంచి బెంచీ మీద పెట్టాను. నర్సు మందుల చీటీ తెస్తే, దాదాపు లాక్కుని కిందికి పరుగెత్తాను. అడగాల్సిన వాక్యాన్ని మెట్ల మీద తిప్పి తిప్పి చెప్పుకున్నాను. తీరా పైకొచ్చి మందులిచ్చి, "పోయొస్తా మేడం" అనేశాను.

"ఆగు. లెటర్ కోసం వచ్చినవు గదా?"

నా మొహం వేడెక్కింది.

"మర్చిపోలే నేను. రాద్దామని కూసుంటే ఏం రాయాల్నో తెలుస్తలేదు. మూడేండ్లు నా ముందట కూసున్నవ్, ఒక్కనాడన్న నోరిప్పితివా? మంచి పిల్ల, మార్కులు మంచిగొస్తయ్ అని రాస్తే వాళ్లకేం తెలుస్తది? చెప్పు, ఈ కోర్సే ఎందుకు?"

తడబడుతూనే మా మిరప చేను గురించి చెప్పాను. ఆకులు ముడుచుకుపోతే తెగులనుకుని నాన్న, షాపువాడు ఇచ్చిన మందు కొట్టాడు. నేను ఆకుల వెనక భూతద్దం పెట్టి చూసి తామర పురుగులన్నాను.

"నాయిన నమ్మలే మేడం. నాగ్గూడ పూర్తిగ నమ్మకం లేకుండె. అందుకే చదువుదామని."

"గిది క్లాసుల ఎన్నడన్న చెప్పినవా?"

"తప్పయితదేమోనని..."

మేడం ఏదో అనబోయారు. ఇంతలో గదిలోంచి మూలుగు వినిపించి లేచారు. "పో, నీకు ట్రైను లేటయితది" అని లోపలికి వెళ్లిపోయారు. రాస్తాననలేదు, రాయననలేదు.

మర్నాడు పొద్దంతా పెండింగే. అన్నం సహించలేదు. అంత అవస్థలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టానేమోనన్న దిగులు ఒకవైపు, రాయరేమోనన్న భయం ఇంకోవైపు. చీకటి పడే వేళకు చూస్తే, ఉత్తరం అందిందని ఉంది. పెరట్లోంచే అమ్మను కేకేశాను.

ఎండాకాలంలో సీటు వచ్చింది. ఆ కబురు చెబుదామని ఫోన్ చేసి, ముందు వాళ్లమ్మ ఎట్లుందని అడిగి, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాను. గోడ పట్టుకొని నడుస్తోందట.